ఎనిమిది నిమిషాల పాఠం



ఏటా ఈ సభలో ఎంతమందికి ఫీజులు కట్టామో, ఎంతమందికి పుస్తకాలు ఇచ్చామో లెక్క చదువుతారు. ఆ లెక్క కార్యదర్శి గారు చదువుతారు. మమ్మల్ని మాత్రం ఒక అనుభవం చెప్పమన్నారు. మేము అంటే ముగ్గురం. ఇద్దరం సర్కారు బడుల్లో పాతికేళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాళ్ళం, మూడో ఆమె ప్రైవేటు బడిలో సైన్సు చెప్పే ఆపా. ఉపాధ్యాయ ఉద్యోగాలకు వెళ్ళే మన పిల్లలకు ఆదివారాలు సాయం కూర్చుంటున్నాము. అందులో మేము చేసిన తప్పు ఒకటి, నేర్చుకున్నది ఒకటి మీ ముందు పెడతాము.

ముందు పరిస్థితి చెప్పాలి. మన పిల్లల్లో బీఈడీ చదివిన ప్రతివాళ్ళ చూపూ డీఎస్సీ మీదే. 2018 డీఎస్సీ తరువాత మళ్ళీ నియామకాల దాకా వచ్చింది 2025 మెగా డీఎస్సీయే. 16,347 పోస్టులకు ప్రకటన ఇచ్చారు. స్కూల్ అసిస్టెంటు, ఎస్జీటీ పోస్టులకు రాత పరీక్ష మార్కులు 80, టెట్ వెయిటేజీ 20. అక్కడ పాఠం చెప్పి చూపించమని ఎవరూ అడగరు. కానీ రెండు డీఎస్సీల మధ్య ఏడేళ్ళు గడిచాయి. ఆ ఏడేళ్ళూ ఇంట్లో కూర్చుంటే చదివిన చదువు మరచిపోతారు. అందుకని పిల్లలు ప్రైవేటు బడులకు, కేంద్రీయ విద్యాలయాలకు, గల్ఫ్‌లోని భారతీయ పాఠశాలలకు దరఖాస్తులు పెడుతున్నారు. అక్కడ డెమో ఉంటుంది. 2022 డిసెంబరులో ప్రకటన వచ్చిన కేంద్రీయ విద్యాలయ నియామకాల్లో కూడా రాత పరీక్ష దాటాక డెమో, ఇంటర్వ్యూ పెట్టారు.

కరోనా కాలం నుంచి ఇంకో మార్పు వచ్చింది. దూరాన ఉన్న బడులు ముందు ఒక చిన్న వీడియో పంపమంటున్నాయి. అయిదు నిమిషాలో, ఎనిమిదో, పదో. అది నచ్చితేనే తరువాతి పిలుపు. ఎన్నో ఏళ్ళు చదివి, మీ సొమ్ముతో ఫీజులు కట్టించుకుని వచ్చిన బిడ్డ ఆ ఎనిమిది నిమిషాల దగ్గర ఆగిపోతోంది. ఈ సంగతి మాకు కూడా ఆలస్యంగా తెలిసింది.

రాజోలు వైపు ఒక అమ్మాయి ఉంది. పేరు చెప్పము. బీఎస్సీ, బీఈడీ. తండ్రి కొబ్బరి దింపులకు వెళ్ళేవాడు, నడుము దెబ్బతిని ఇంట్లో ఉన్నాడు. తల్లి కువైట్‌లో ఇళ్ళలో పనిచేసి పిల్లల్ని చదివించింది. బీఈడీ రెండేళ్ళ ఫీజులో కొంత మన సంఘం ఇచ్చింది. హైదరాబాదులో ఒక ప్రైవేటు బడి ఆరో తరగతి సైన్సు పాఠం ఎనిమిది నిమిషాల వీడియో తీసి పంపమంది. ఇంగ్లీషులో చెప్పాలన్నారు.

ఆ అమ్మాయి మా దగ్గరకు వచ్చి మొదట అడిగింది పాఠం గురించి కాదు. “మాస్టారూ, తల మీద దుపట్టాతో కనిపిస్తే పిలుస్తారంటారా?” అంది. మాకు వెంటనే జవాబు తోచలేదు. కాసేపు ఆగి ఆపాయే చెప్పింది: “వాళ్ళ మనసులోకి వెళ్ళి మనం చూడలేం అమ్మా. పాఠంలో వంక పెట్టడానికి ఏమీ లేకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది. మిగతాది అల్లాహ్ చూసుకుంటాడు.” ఇప్పటికీ దానికంటే మంచి జవాబు మా దగ్గర లేదు.

ఇక మా తప్పు. మంచి చేద్దామనే ఉత్సాహంలో ఆ పాఠమంతా మేమే ఇంగ్లీషులో రాసి ఇచ్చాము. పెద్ద పెద్ద మాటలు, నిర్వచనాలు, శాస్త్రవేత్తల పేర్లు. నాలుగు రోజులు బట్టీ పట్టించాము. గోడకు ఆనించి నిలబెట్టి ఫోనులో తీశాము. ఎనిమిది నిమిషాల్లో పదకొండు విషయాలు చెప్పింది. ఒక్కచోట తడబడలేదు. మేము ముగ్గురమూ “మాషా అల్లాహ్” అనుకుని పంపించాము. ఆ బడి నుంచి ఒక్క వాక్యం జవాబు వచ్చింది: ప్రసంగం బాగుంది, పాఠం కనబడలేదు.

ఆ మాట మాకు గుచ్చుకుంది. కోపం కూడా వచ్చింది. రాత్రి ముగ్గురం కూర్చుని ఆ వీడియో మళ్ళీ చూశాము. వాళ్ళన్నది నిజమే. ఆ ఎనిమిది నిమిషాల్లో ఒక్క పిల్లవాడు లేడు. పిల్లవాడు ఉన్నాడన్న ఊహ కూడా లేదు. ప్రశ్న అడిగి, ఊపిరి తీసుకోకుండా జవాబు తానే చెప్పేసింది. అలా చెప్పమని రాసి ఇచ్చింది మేమే.

అప్పుడు మాకు మా బీఈడీ రోజుల సూక్ష్మ బోధన గుర్తొచ్చింది. ఈ పద్ధతి 1963 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్ బృందం దగ్గర మొదలైంది. కొద్దిమంది పిల్లలు, కొద్ది నిమిషాల పాఠం, ఒకే ఒక్క నైపుణ్యం. పాఠాన్ని వీడియో టేపు మీద తీసి, చెప్పినవాళ్ళకే చూపించేవారు. మన దేశంలో 1970లలో బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో బి.కె. పాసీ వంటి ఆచార్యులు దీనిమీద పనిచేశారు. ఎన్సీఈఆర్టీ మన పరిస్థితులకు సరిపడే నమూనా తయారుచేసింది. 6 నిమిషాలు పాఠం, 6 నిమిషాలు చూసినవాళ్ళ అభిప్రాయం, 12 నిమిషాలు పాఠం మళ్ళీ సిద్ధం చేసుకోవడం, 6 నిమిషాలు మళ్ళీ చెప్పడం, 6 నిమిషాలు మళ్ళీ అభిప్రాయం. మొత్తం 36 నిమిషాలు. నిజం పిల్లలు దొరక్కపోతే తోటి విద్యార్థులే పిల్లల్లా కూర్చునేవారు. మేమూ అలా కూర్చుని అల్లరి చేసినవాళ్ళమే.

అంటే పాఠాన్ని రికార్డు చేయడం పుట్టింది ఇంకొకరికి చూపించుకోవడానికి కాదు, తనను తాను చూసుకోవడానికి. మేము ఆ సగాన్ని వదిలేసి పంపించే సగాన్నే పట్టుకున్నాము. ఆ 36 నిమిషాల్లో పాఠం చెప్పేది రెండుసార్లూ కలిపి 12 నిమిషాలే. మిగతా 24 నిమిషాలూ వినడానికి, ఆలోచించడానికి. మేము వినే పని చేయకుండా రాసిచ్చే పని చేశాము.

మర్నాడు ఆ అమ్మాయికి ఫోన్ చేసి, తప్పు మాదని ఒప్పుకుని, మళ్ళీ మొదలుపెడదామన్నాము. “ఆయ్, సరే మాస్టారూ” అంది గానీ గొంతులో ఉత్సాహం లేదు. ఇంకో బడికి గడువు పన్నెండు రోజులు ఉంది.

ఈసారి కాగితం మేము ముట్టుకోలేదు. ఒక్కటే అడిగాము: “ఎనిమిది నిమిషాల తరువాత పిల్లవాడికి ఇంతకు ముందు తెలియనిది ఏది తెలియాలి?” ఒక్క వాక్యంలో చెప్పమన్నాము. రెండు రోజులు ఆలోచించి వచ్చింది. “కొన్ని మార్పులు వెనక్కి తిప్పవచ్చు, కొన్ని తిప్పలేము.” అంతే. మిగతా పది విషయాలూ తీసేసింది.

సామాను ఏం కావాలంటే, అది జనవరి నెల. మన కోనసీమలో చలికాలం తెల్లవారుజామున కొబ్బరి నూనె గడ్డకడుతుంది కదా. సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే అది గట్టిపడుతుంది. అదే ఆమె ప్రయోగం. గడ్డకట్టిన నూనె సీసా, స్టీలు గ్లాసులో వేడినీళ్ళు, ఒక పచ్చి గుడ్డు, ఒక ఉడికించిన గుడ్డు. ఖర్చు లేదు. ప్రతి పిల్లవాడి ఇంట్లోనూ ఉండేవే.

మొదటిసారి చేసినప్పుడు సీసా నిండా నూనె ఉండటంతో ఎనిమిది నిమిషాలైనా కరగలేదు. మేము నవ్వాము, ఆమె ఏడుపు మొహం పెట్టింది. రెండోసారి చిన్న సీసాలో రెండు చెంచాల నూనె మాత్రమే పోసింది. రెండు నిమిషాల్లో కరిగింది. ఈ మాట మా పిల్లలకు ప్రత్యేకం చెబుతున్నాము: కెమెరా ముందు చేసే ప్రయోగం ముందు రోజు గడియారం పెట్టుకుని చేసి చూడండి.

సమయం ఇలా పంచుకుంది. మొదటి నిమిషం గడ్డకట్టిన సీసా బోర్లించి చూపించి ఒక ప్రశ్న. తరువాత మూడు నిమిషాలు ప్రయోగం, పిల్లల మాటలు. రెండు నిమిషాలు బోర్డు మీద రెండే గడులు, తిప్పగలిగినవి, తిప్పలేనివి. ఒక నిమిషం గుడ్లు. చివరి నిమిషం పిల్లలకు అర్థమైందో లేదో చూసే ప్రశ్నలు. పేరు, చదువు చెప్పుకోవడం పది సెకన్లు మించలేదు. అవి దరఖాస్తులో ఎలాగూ ఉన్నాయి.

ఇంగ్లీషు సంగతి. ముందు పాఠమంతా తెలుగులో చెప్పించాము. ఏ మాట తరువాత ఏ మాట రావాలో తెలుగులో కుదిరాక, అవే మాటలు చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో తానే పెట్టుకుంది. ఒక వాక్యంలో ఏడెనిమిది మాటలు మించలేదు. బట్టీ లేదు కాబట్టి మరచిపోయేదీ లేదు.

తెలుగులో తీసిన వీడియోను కువైట్‌లో ఉన్న తల్లికి పంపించమన్నాము. ఆవిడ అయిదో తరగతి దాకా చదివింది. పాఠంలో ఒకచోట “ఉడికిన గుడ్డు చల్లారితే మళ్ళీ పచ్చిగుడ్డు అవుతుందా?” అని అడిగి, ఈసారి మనసులో అయిదు లెక్కపెట్టుకుని ఆగింది. మర్నాడు ఆ అమ్మాయి నవ్వుతూ వచ్చింది. “అమ్మీ వీడియో కాల్ పెట్టి నా ముందే చూసిందండి. నేను వీడియోలో జవాబు చెప్పకముందే ‘ఎలా అవుద్దే, అవదు’ అనేసింది” అని చెప్పింది. మేము ముగ్గురమూ పట్టుకోలేకపోయిన తేడా అది. మొదటి వీడియోలో ఆ తల్లికి జవాబు చెప్పే సందే లేదు.

అసలు రికార్డింగు నాడు చుట్టుపక్కల నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టాము. వాళ్ళ అమ్మానాన్నలను అడిగాకే. కెమెరాకు పిల్లల వీపులే కనబడేలా కూర్చోబెట్టాము, ముఖాలు రాకుండా. నూనె కరిగినప్పుడు ఒక పిల్లవాడు లేచి, “టీచర్, నూనె నీళ్ళయిపోయింది” అన్నాడు. అమ్మాయి మొహం వాడిపోయింది. తప్పు జవాబు వచ్చింది, ఆపేసి మళ్ళీ తీద్దామన్నట్టు మావైపు చూసింది. ఆపా చెయ్యి ఊపింది, సాగించమని.

అప్పుడు ఆమె ఆ పిల్లవాడిని దగ్గరకు పిలిచింది. వేలు ముంచమంది. “నీళ్ళయితే చేతికి ఇలా జిడ్డు అంటుతుందా? వాసన చూడు” అని అడిగింది. వాడు వాసన చూసి, జుట్టుకు రాసుకుని, “నూనే టీచర్” అన్నాడు. అందరూ నవ్వారు. పిల్లవాడు తెలుగులో అన్నదాన్ని ఆమె ఇంగ్లీషులో తిరిగి చెప్పి బోర్డు మీద రాసింది: రూపం మారింది, పదార్థం మారలేదు. ఇదంతా ముప్పై నలభై సెకన్లు. మేము రాసిచ్చిన కాగితంలో ఇలాంటిది ఎన్నటికీ వచ్చేది కాదు. తరువాత ఆమె ఆ ముక్క తీసేద్దామంది. వద్దన్నాము. తరగతిలో తప్పు చెప్పే పిల్లవాడు రోజూ ఉంటాడు. వాడిని కసరకుండా దారిలో పెట్టగలరా లేదా అన్నదే బడివాళ్ళు చూడాలనుకునేది.

ఇక ఫోను సంగతులు. ఇవి చిన్నవే గానీ వీటి దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. ఫోను అడ్డంగా, కళ్ళ ఎత్తులో, కదలకుండా పెట్టాలి. కిటికీ వెలుతురు చెప్పేవాళ్ళ ముందు నుంచి పడాలి, వెనుక కిటికీ ఉంటే ముఖం నల్లగా వస్తుంది. సెల్ఫీ కెమెరా వాడితే కొన్ని ఫోన్లలో బోర్డు మీద అక్షరాలు తిరగబడి వస్తాయి, వెనుక కెమెరానే వాడాలి. కాలరు మైకు దుపట్టా లోపల పెడితే గుడ్డ రాపిడి చప్పుడు వస్తుంది, పైన పిన్నుతో పెట్టాలి. అక్షరాలు మామూలుగా రాసేదానికి రెట్టింపు ఉండాలి. అజాన్ వేళ, పీచు మిల్లు నడిచే వేళ, స్కూలు ఆటోలు వచ్చే వేళ ముందే చూసుకోవాలి. ముక్కలు అతికించడం, వెనుక సంగీతం పెట్టడం వద్దు. ఆపకుండా ఒక్కసారిగా తీసిన పాఠానికే నమ్మకం ఎక్కువ.

పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు వీడియోగా పెడితే నాణ్యత తగ్గుతుంది, బోర్డు మీద రాత మసకబారుతుంది. వాళ్ళు వాట్సాప్‌లోనే అడిగితే డాక్యుమెంటుగా పంపాలి. లేదా డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వాలి. ఆఖరి రోజు దాకా ఆగవద్దు. 2022 మే నెలలో అమలాపురం గొడవల తరువాత మన కోనసీమలో ఎన్ని రోజులు ఇంటర్నెట్ లేదో, సిగ్నలు కోసం మన పిల్లలు ఎంత దూరం వెళ్ళి పని చేసుకున్నారో మీకందరికీ తెలుసు.

ఇక్కడ తల్లిదండ్రులతో ఒక మాట. “మా అమ్మాయి వీడియో ఎవరెవరి చేతుల్లోకి వెళ్తుందో” అని మీరు భయపడుతున్నారు. కొందరు ఆ భయంతోనే దరఖాస్తు మాన్పించారు. ఆ భయం తప్పని మేము అనము. దానికి దారి ఉంది. లింకు ఎవరికైనా తెరుచుకునేలా కాకుండా, ఆ బడి అధికారిక మెయిలుకు మాత్రమే తెరుచుకునేలా పెట్టవచ్చు. ఎంపిక పూర్తయ్యాక ఆ అనుమతి తీసేయవచ్చు. బడి నిజమైనదో కాదో ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి. వీడియోతో పాటు డబ్బు అడిగితే అక్కడే ఆగిపోవాలి. గల్ఫ్ ఉద్యోగమని ఏజెంటు చెబితే అతను నమోదైనవాడో కాదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. ఈ పనులు ఒంటరిగా ఉన్న బిడ్డకు కష్టం. పక్కన ఒక పెద్దదిక్కు ఉంటే తేలిక.

ఆ అమ్మాయికి ఏమైందని అడుగుతారు. రెండో బడి ఇంటర్వ్యూకు పిలిచింది. అక్కడ అడిగిన మొదటి ప్రశ్న: “ఆ పిల్లవాడి చేత ముందే అలా చెప్పించారా?” లేదండీ, నాకు భయం వేసింది, అని ఉన్నమాట చెప్పింది. జూన్ నుంచి అక్కడే ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెబుతోంది. దుపట్టా గురించి ఎవరూ అడగలేదట. అందరికీ ఇలాగే జరుగుతుందని మేము చెప్పము. అదే సంవత్సరం మేము కూర్చున్న మరో ఇద్దరికి పిలుపు రాలేదు. అందులో ఒకరిది మా కంటికి ఇంతకంటే మంచి పాఠం. వాళ్ళు మళ్ళీ ప్రయత్నిస్తున్నారు, ఆదివారాలు వస్తున్నారు.

దాతలకు మా మనవి ఇది. మీరు ఇచ్చే ఫీజులతో పిల్లలు రేవు దాకా వస్తున్నారు. పంటు ఎక్కించేవాళ్ళు లేక అక్కడే నిలబడిపోతున్నారు. అమలాపురంలో ఒక గది కావాలి. వీధి చప్పుడు లేని గది, ఒక పెద్ద కిటికీ, ఒక బోర్డు, ఫోను నిలబెట్టే స్టాండు, ఒక కాలరు మైకు. ఈ సామానంతా కలిపినా ఒక విద్యార్థి చదువు ఖర్చులో చిన్న భాగమే. ఆడపిల్లల కోసం ఆడవాళ్ళే తీసే ఏర్పాటు ఉండాలి. కొత్తపేట, రాజోలు నుంచి వచ్చేవాళ్ళకు బస్సు ఛార్జీ ఇవ్వాలి. గది మన పిల్లలకే కాదు, ఏ పేదబిడ్డ వచ్చినా తెరిచి ఉండాలి.

డబ్బు కంటే ఎక్కువగా మీ సమయం కావాలి. మీలో రిటైరైన ఉపాధ్యాయులున్నారు, బ్యాంకుల్లో చేసినవాళ్ళున్నారు, దుకాణదారులున్నారు, ఏమీ చదవని అమ్మీలు, నానీలు ఉన్నారు. నెలకో ఆదివారం వచ్చి పిల్లల వరుసలో కూర్చోండి. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పండి. మేము ఉపాధ్యాయులం, మాకు పాఠం ముందే తెలుసు కాబట్టి ఎక్కడ అర్థం కాదో మాకు తెలియదు. కువైట్‌లో గిన్నెలు కడుక్కుంటూ పాఠం విన్న ఆ తల్లి చేసిన సాయం మేము ముగ్గురం చేయలేకపోయాము.

వెనుక కూర్చున్న బిడ్డలారా, మీ వీడియో బాగా రాకపోతే మీకు చదువు రాదని అర్థం కాదు. మీ పాఠాన్ని ఆగి వినేవాళ్ళు మీకు దొరకలేదని అర్థం. ఇకనుంచి దొరుకుతారు. ఆదివారం ఉదయం పది గంటలకు రండి. కాగితం మేము రాసివ్వము. మీ ఒక్క వాక్యం మీరే తెచ్చుకోండి.

అల్లాహ్ మన అందరి కృషినీ స్వీకరించుగాక. ఆమీన్. సెలవు.